రేపు చూద్దాంలే అన్నాను

పొద్దున్న ఏడింటికి ఫోన్ తీస్తే వాట్సాప్‌లో మా అక్క మెసేజ్. అక్క అంటే పెదనాన్నగారి అమ్మాయి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే ఊళ్లో ఉంటుంది. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు కదా, సాఫ్ట్‌వేర్ వాళ్లు బోలెడంత మంది అక్కడ. మన తెలుగువాళ్లూ తక్కువేం లేరు.

"ఒరేయ్, బుజ్జి పొద్దున్నుంచి ఏం తినలేదురా. ఒళ్లు కాలిపోతోంది. మంచం కింద దూరి బయటికి రావట్లేదు. ఏం చెయ్యాలి?"

బుజ్జి వాళ్ల పిల్లి. నాలుగేళ్లది. ఇక్కడ తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనూ ఓ పిల్లి ఉంది కాబట్టి మా చుట్టాలందరికీ నేను పిల్లుల స్పెషలిస్టుని. అప్పుడు అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. హాస్పిటల్స్ మూసేసి ఉంటాయి. ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు మామూలుగా ఉండదు. ఇవన్నీ బుర్రలో ఓ లెక్క వేసేసి, ఇలా టైపు చేశాను: "జ్వరమే కదక్కా. ఎలకని తినుంటుంది. రేపు చూపించు."

సర్వర్ పడిపోయిందని అర్ధరాత్రి అలర్ట్ వస్తే పదిహేను నిమిషాల్లో లేచి కూర్చునే మనిషిని నేను. ఆ మెసేజ్ మాత్రం నాకు అలర్టులా కనపడలేదు.

మర్నాడు వాళ్లకి తెల్లారాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. జ్వరం 106 డిగ్రీలు. చిగుళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. ఒక చుక్క రక్తం తీసి గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూసి, ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పిల్లి బయట తిరుగుతుందా? ఒంటి మీద పిడుదు ఏమైనా కనపడిందా?"

కనపడింది. వారం పైనే అయ్యింది, చెవి వెనకాల ఒకటి ఉంటే అక్క పీకి పారేసింది. అంతటితో ఆ సంగతే మర్చిపోయింది.

మూడో రోజు రాత్రి బుజ్జి పోయింది.

ఆ జ్వరం పేరు

పిడుదు అంటే తెలియని వాళ్లకి: పశువుల ఒంటికి కరుచుకుని రక్తం తాగే ఎనిమిది కాళ్ల పురుగు. కొన్ని చోట్ల గోమారి అంటారు. పేను వేరు, ఇది వేరు.

ఆ పిడుదు బుజ్జి ఒంట్లోకి వదిలిన పరాన్నజీవి పేరు సైటాక్స్‌జూన్ ఫెలిస్. అక్కడ వాడుకలో బాబ్‌క్యాట్ ఫీవర్ అంటారు. బాబ్‌క్యాట్ అంటే అమెరికా అడవుల్లో ఉండే పొట్టితోక అడవిపిల్లి. మన కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లికి దూరపు చుట్టం అనుకోండి. ఈ పరాన్నజీవి అసలు ఇల్లు ఆ బాబ్‌క్యాట్ రక్తమే. అందులో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. బాబ్‌క్యాట్‌కి మామూలుగా పెద్ద ఇబ్బందేం ఉండదు.

లోన్ స్టార్ అనే రకం పిడుదు ఉంది. ఆడదాని వీపు మీద ఒకే ఒక తెల్ల చుక్క ఉంటుంది, అందుకే ఆ పేరు. అది చిన్నప్పుడు బాబ్‌క్యాట్ రక్తం తాగుతుంది. రాలిపోయి, కుబుసం విడిచి, తర్వాతి దశలో గడ్డిపరక మీద ముందుకాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఈసారి అటుగా పోయింది ఎవరింట్లోనో పెరిగే పిల్లి అయితే దానికి కరుచుకుంటుంది. మొదటి చోట తాగింది రెండో చోట వదులుతుంది.

ఇంటిపిల్లి ఒంట్లో కథ వేరేగా నడుస్తుంది. పరాన్నజీవి నేరుగా తెల్ల రక్తకణాల్లో ఒక రకం దాంట్లోకి దూరుతుంది. మామూలుగా బయటి శత్రువుల్ని మింగేసే కాపలా కణం అది. దాని లోపలే కూర్చుని వందలకొద్దీ పిల్లల్ని పెడుతుంది. ఆ కణం ఉబ్బిపోయి, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో సన్నటి రక్తనాళాలకి అడ్డం పడుతుంది. వానాకాలం కాలవకి గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు. తర్వాత ఆ కణాలు పగిలి, లోపలున్నవన్నీ ఎర్ర కణాల్లోకి ఎక్కుతాయి. కుట్టిన పది, పదిహేను రోజులకి జ్వరం మొదలవుతుంది. జ్వరం మొదలయ్యాక వైద్యం లేకపోతే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లోనే, మహా అయితే వారంలో పోతాయి.

ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి ముట్టుకుంటే రాదు. మనుషులకి అసలు రాదు. మధ్యలో పిడుదు ఉండాల్సిందే.

మిస్సోరీ నుంచి మెల్లగా

ఇంటిపిల్లుల్లో ఈ జబ్బుని మొదట రాసిపెట్టింది 1976లో, మిస్సోరీ రాష్ట్రంలో. అప్పటి నుంచి చుట్టుపక్కల ఆర్కన్సా, ఓక్లహోమా, కాన్సస్, టెక్సస్, ఆగ్నేయ రాష్ట్రాలు అన్నిట్లోనూ కనపడింది. ఇప్పుడు ఇంకా ఉత్తరానికి, తూర్పుకి జరుగుతోంది. కారణం పిల్లులు కాదు, పిడుదు. ఒకప్పుడు వేటలో తగ్గిపోయిన జింకలు మళ్లీ పెరిగాయి. లోన్ స్టార్ పిడుదుకి ఇష్టమైన తిండి జింక రక్తమే. చలికాలాలు వేడెక్కుతున్నాయి. అడవి అంచులు కొట్టి కాలనీలు వేస్తున్నారు. అక్క వాళ్లది అలాంటి కాలనీయే. వెనక పెరట్లోకి జింకలు వస్తే వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది. మేమంతా హార్ట్ ఎమోజీలు కొట్టేవాళ్లం. ఆ జింకలతో పాటు ఏం దిగుతున్నాయో మాకు తెలీదు.

డల్లాస్, కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్, బెంటన్‌విల్... పిల్లిని పెంచుకుంటున్న తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల ఉంటే ఈ కాలమ్ ముందు వాళ్లకి ఫార్వర్డ్ చెయ్యండి. వసంతం నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సీజన్.

మందు ఉందా? ఉంది. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందంటే దాదాపు అన్నీ పోయేవి. 2011లో మిస్సోరీ విశ్వవిద్యాలయం పశువైద్యుల బృందం 80 జబ్బు పిల్లుల మీద చేసిన పరిశోధన అచ్చయ్యింది. అటోవాక్వోన్ అనే మలేరియా మందు, అజిత్రోమైసిన్ కలిపి ఇచ్చిన 53 పిల్లుల్లో 32 బతికాయి. పాత మందు ఇచ్చిన 27లో 7 బతికాయి. అంటే నూటికి అరవై ఎక్కడ, ఇరవై ఆరు ఎక్కడ! బుజ్జికీ ఆ మందే ఇచ్చారు. చిక్కటి పచ్చటి ద్రవం, రోజుకి మూడుసార్లు. అయితే అది పనిచెయ్యడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి మా దగ్గర లేదు.

"రాత్రే తీసుకొచ్చినా బతికేదని నేను గ్యారంటీ ఇవ్వలేను" అందట ఆ డాక్టరమ్మ. మంచావిడ. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

పెంటపాడు దగ్గర పెయ్య

ఇది జరిగిన రెండు నెలలకి ఆదివారం మా బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. గూడెం నుంచి పెంటపాడు వైపు, చేల మధ్యలో ఊరు. నాలుగు సంకర జెర్సీ ఆవులు, ఒక పెయ్య. సాయంత్రం పాలు తియ్యడానికి వెళ్లిన పిన్ని మధ్యలోనే వెనక్కి వచ్చింది.

"ఏవండీ, పెయ్య మేత ముట్టలేదు. చెవి కింద బిళ్ల కట్టింది చూడండి. డాక్టర్ గారికి ఫోన్ చెయ్యండి."

"పొద్దున్న చూద్దాంలేవే, చీకటి పడిపోతోంది."

"పొద్దున్నకి ఉండదు. ముందు ఫోన్ చెయ్యండి."

నాకు ఒళ్లు జలదరించింది. బాబాయ్ అన్న మాట నాదే. అక్షరం పొల్లు పోకుండా.

డాక్టర్ గారు వచ్చారు. జ్వరం 105. చెవి కింద, భుజం ముందు గ్రంథులు నిమ్మకాయంత ఉబ్బి ఉన్నాయి. తొడల సందున పిడుదులు. బిళ్లలోంచి సూదితో కాస్త తీసి పలక మీద పూసుకుని, మెడ కండలోకి బ్యూపార్వాక్వోన్ ఇంజెక్షన్ చేశారు. "థైలేరియా లాగే ఉందమ్మా. మంచి టైముకి పిలిచారు" అన్నారు. నాలుగో రోజుకి పెయ్య గడ్డి కొరికింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తీసి చదివితే అప్పుడు తెలిసింది. పెయ్యకి వచ్చిన థైలేరియా, బుజ్జిని తీసుకెళ్లిన సైటాక్స్‌జూన్ ఒకే కుటుంబం. జీవశాస్త్రంలో ఆ కుటుంబం పేరే థైలేరియిడే. ఇద్దరూ పిడుదు మీదే వస్తారు. ఇద్దరూ ముందు తెల్లకణంలో, తర్వాత ఎర్రకణంలో కాపురం పెడతారు. చివరికి మందులు కూడా చుట్టాలే. పెయ్యకి పొడిచిన బ్యూపార్వాక్వోన్, బుజ్జికి పోసిన అటోవాక్వోన్ ఒకే జాతి రసాయనాలు.

ఇంకో పోలిక నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. థైలేరియా మన ఒంగోలు లాంటి నాటు జాతుల్ని పెద్దగా ఏం చెయ్యదు. తరతరాలుగా దానితో కలిసి బతికినవి అవి. పాల కోసం తెచ్చిన జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలే దానికి కూలిపోతాయి. అక్కడ బాబ్‌క్యాట్ తట్టుకుంటుంది, ఇంటిపిల్లి కూలిపోతుంది. పాత కాపుకి అలవాటైన జబ్బు, కొత్తగా వచ్చిన వాళ్లకి ప్రాణాంతకం. అందుకే "మా తాతల కాలంలో పిడుదులు లేవా, ఏమైంది?" అనే మాట నిజమే అయినా ఇక్కడ పనికిరాదు. తాతల కాలంలో ఉన్న పశువులు వేరు.

ఈ జబ్బుకి ఆవులకి టీకా కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసే రక్షావ్యాక్-టి. బతికున్న కణాలతో చేసిన టీకా కాబట్టి ద్రవ నైట్రోజన్‌లో దాచాలి, ప్రతి పల్లెకీ చేర్చడం అంత తేలిక కాదు. పిల్లులకి ఆపాటి టీకా కూడా లేదు.

సికింద్రాబాద్ దోమ కన్నా ముందు

పురుగు కుడితే జబ్బు వస్తుందని ప్రపంచానికి తెలిసింది ఎప్పుడు అంటే మనం ఠక్కున రొనాల్డ్ రాస్ పేరు చెప్తాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మన గడ్డ మీద జరిగిన సంగతి, గర్వంగానే ఉంటుంది. కానీ దానికి నాలుగేళ్ల ముందే, 1893లో, థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ అనే ఇద్దరు అమెరికాలో టెక్సస్ పశువుల జ్వరం పిడుదు వల్లే వస్తుందని నిరూపించారు. అంతకుముందు నుంచీ అక్కడి పశువుల కాపర్లకి ఆ అనుమానం ఉండేది. చదువుకున్నవాళ్లే పట్టించుకోలేదు. చివరికి 1906లో ప్రభుత్వం పిడుదు నిర్మూలన మొదలుపెడితే, దేశంలో చాలా భాగం నుంచి దాన్ని తరిమేసరికి 1943 వచ్చింది.

కాపర్లకి ముందే తెలుసు. మా పిన్నికి ముందే తెలుసు. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది.

"పిల్లి జాతికి పిడుదు జబ్బు అమెరికా గొడవ, మనకెందుకు?" అనుకుంటే ఒక్కసారి గుజరాత్ గిర్ అడవిని గుర్తు చేసుకోండి. 2018లో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. కుక్కల డిస్టెంపర్ వైరస్‌తో పాటు, పిడుదుల ద్వారా వచ్చే బబీసియా అనే పరాన్నజీవి కూడా పరీక్షల్లో బయటపడింది. సింహమైనా పిల్లి జాతే. ఇక మన వీధుల్లో కుక్కలకి పిడుదు జ్వరాలు మామూలు విషయం. జ్వరం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కులోంచి రక్తం, ఉచ్చ ముదురు రంగు... ఇవి కనపడితే రేపు అనుకోకండి.

చెయ్యాల్సినవి, అసలు చెయ్యకూడనివి

పిడుదు కరవగానే జబ్బు దిగదు. లోన్ స్టార్ పిడుదు ఒకటిన్నర, రెండు రోజులు అతుక్కుని ఉంటేనే సైటాక్స్‌జూన్ పిల్లిలోకి వెళ్తుందని పరిశోధనల్లో తేలింది. అంటే మన చేతిలో ఒక రోజు ఉంది. రోజూ రాత్రి రీల్స్ చూసుకుంటూనే ఒక చేత్తో పిల్లిని నిమరండి. చెవుల వెనక, గడ్డం కింద, మెడ చుట్టూ, చంకల్లో, వేళ్ల మధ్య. కందిగింజలా తగిలితే ఆగండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిలువుగా లాగండి. కిరసనాయిలు పొయ్యొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు, గోళ్లతో చిదమొద్దు. తీసిన తేదీ ఫోన్‌లో నోట్ చేసుకోండి. అక్క ఆ పని చేసి ఉంటే, జ్వరం వచ్చిన రోజు మాకు వెంటనే వెలిగేది.

ఇక రెండు పొరపాట్లు. ఇవి జబ్బు కన్నా ముందే పిల్లిని చంపేస్తాయి.

ఒకటి, జ్వరం కదా అని పారాసిటమాల్ వెయ్యడం. మన ఇళ్లల్లో డోలో లేని డబ్బా ఉండదు. పిల్లి కాలేయంలో ఆ మందుని విరగ్గొట్టే ఏర్పాటు సరిగ్గా లేదు. అందుకని అది రక్తాన్నే పాడు చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగులోకి మారి, ఊపిరాడక పోతుంది. ఒక్క మాత్ర చాలు. సగం కూడా వద్దు. పిల్లలకి పోసే సిరప్ కూడా వద్దు.

రెండు, కుక్కకి కొన్న పిడుదుల మందో, పాకలో పశువులకి కొట్టే మందో మిగిలిందని పిల్లికి రాయడం. పర్మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి కుక్క, ఆవు తట్టుకుంటాయి. పిల్లికి మాత్రం వణుకు, ఫిట్స్ వస్తాయి. పాకలో మందు కొట్టిన రోజు తడి ఆరేదాకా పిల్లిని అటు పోనివ్వకండి. ఒళ్లు నాక్కునే జంతువు, పాదానికి అంటింది కడుపులోకి పోతుంది. పిల్లి కోసమే చేసిన చుక్కల మందులు, కాలర్లు ఉన్నాయి. డాక్టర్ని అడిగి, బరువు చూసి వాడండి.

పల్లెల్లో అయితే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. ఈ నంబర్ అమ్మానాన్నల ఫోన్‌లో మీరే సేవ్ చేసి పెట్టండి. పాక గోడల పగుళ్లు మూయించండి. మనం పిడుదులు పశువు మీదే ఉంటాయనుకుంటాం. తాగినంత తాగి అవి దిగేది ఆ పగుళ్లలోకే, వేలల్లో గుడ్లు పెట్టేది అక్కడే.

గంట ఎవరు కట్టాలి

పిల్లి మెడలో గంట ఎవరు కడతారు అని సామెత. అక్క ఈ మధ్య ఇంకో పిల్లిని తెచ్చుకుంది. షెల్టర్‌లో ఎవరో వదిలేసిన ముసలి పిల్లి. దాన్ని బయటికి వదలదు. మెడలో బూడిదరంగు పిడుదుల కాలర్. ఫోటో పెట్టి "గంట కట్టేశానురా" అని రాసింది. బుజ్జి సంగతి మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. ఆ ఫోటోతోనే కాస్త మాట్లాడుకున్నట్టయ్యింది.

మొన్న రాత్రి మా పిల్లి అన్నం ముట్టలేదు. పదిన్నర అయ్యింది. అమ్మ "పడుకోరా, రేపు చూద్దాంలే" అంది. థర్మామీటర్ తీసి చూస్తే 101.5, పిల్లికి అది మామూలే. చిగుళ్లు గులాబీరంగులోనే ఉన్నాయి. చెవుల వెనక, చంకల్లో ఏం లేవు. అప్పుడు పడుకున్నాను.

తెల్లారి చూస్తే పక్కింటివాళ్ల చేపల తట్ట ఖాళీ. జ్వరం కాదు, కడుపు నిండింది. పక్కింటి ఆంటీ తిట్లు నేనే తిన్నాను. సంతోషంగా తిన్నాను.